కొండకి సరిపడే బరువు

క్లచ్ మూత బోల్టులు ఎదురెదురుగా విప్పాలి, ఒకటి ఇటు, ఒకటి అటు. వరసగా విప్పుకుంటూ పోతే లోపలి స్ప్రింగు ఒక పక్కకి తన్ని మూత వంకరపోతుంది. ఇదంతా నాకు తెలుసు, మరి రెంచి మాటిమాటికీ ఎందుకు జారుతోందో నా చేతులనే అడగాలి. చలి అనుకుందాం. వర్క్‌షాపు షట్టరు సగం పైకెత్తి ఉంది, దాని కింద నుంచి మంచుగాలి పిక్కల మీద కొడుతోంది. గ్లెన్, ఈ వర్క్‌షాపుకి పెద్ద, ఆ గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని, భుజానికి తగిలించుకున్న రేడియో వింటూ స్ట్రెచరు బండికి తాళ్ళు బిగిస్తున్నాడు. ఆ తాళ్ళ వైపు చూడకూడదని నాకు నేను చెప్పుకున్నాను, చెప్పుకున్నకొద్దీ అటే చూస్తున్నాను. అవి ఎబెన్‌ని కట్టడానికి. నిన్న తెల్లవారకముందు కొండెక్కాడు, సాయంత్రానికల్లా దిగొస్తానన్నాడు, ఇవాళ మధ్యాహ్నం కావస్తోంది, దిగలేదు. నిన్న ఎండెక్కే వేళకే పైన తెల్లగా కమ్మేసింది, చెయ్యి చాపితే చెయ్యి కనపడని మబ్బు, గాలి. చీకటి పడ్డాక వెతకడం ఆపేశారు. పొద్దున్నే మళ్ళీ బయల్దేరారు. హెలికాప్టరు ఈ మబ్బులో ఎగరదట. ఎగరనప్పుడు అది ఉండి ఎందుకు, ఎండ కాసే రోజున డబ్బున్నవాళ్ళకి కొండ అందాలు చూపించడానికా? సరే, నా పని నేను చేసుకోవాలి. మూడో బోల్టు.

గంటలో అవుతుందా అని అడిగాడు గ్లెన్. అవుతుందన్నాను. అవుతుందో లేదో నాకు తెలియదు. మెల్బోర్న్‌లో నా మాస్టర్స్ ప్రాజెక్టు ఇలాంటి క్లచ్‌ల మీదే, కాగితం మీద వందసార్లు చేశాను, చేతులతో రెండుసార్లు. సెమిస్టరు సెలవుల్లో ఈ మంచుకొండ మీద ఉద్యోగం దొరికినప్పుడు ఎగిరి గంతేసింది అందుకే, స్నోమొబైళ్ళు, మంచు మీద పరుగెత్తే బళ్ళు, రిపేరు చేయడానికి జీతం ఇస్తారంటే ఎవరు కాదంటారు. పెట్రోలింగ్ వాళ్ళ మంచి బండి నిన్న వెతకడంలోనే బెల్టు తెగి కూర్చుంది. రెండోది కింద వాగు వైపు తిరుగుతోంది. మిగిలింది ఇదొక్కటే, పోయిన వారం కొన్న పాత బండి, ఎక్కడో చదును దేశంలో గడ్డకట్టిన చెరువుల మీద తిరిగినది. పొద్దున గ్లెన్ దీన్ని పై వాలు ఎక్కించబోతే సగం దూరంలోనే గొంతు బొంగురుపోయి మంచులో కూరుకుపోయింది. తప్పు దానిది కాదు. ఈ బండికి గేర్లుండవు, రెండు క్లచ్‌లు, వాటి మధ్య ఒక బెల్టు. ముందు క్లచ్ లోపల మూడు ఇనప ముక్కలుంటాయి, బొటనవేలంత. ఇంజను తిరిగేకొద్దీ అవి బయటికి విసురుకుని క్లచ్‌ని మూస్తాయి, బెల్టు పైకెక్కుతుంది, బండి పరుగెత్తుతుంది. ఆ ముక్కలు కింద సముద్రం ఎత్తుకి తగ్గ బరువుతో ఉన్నాయి. పైన గాలి పల్చన, ఇంజనుకి అంత ఊపిరి లేదు, కానీ ముక్కలకి ఆ సంగతి తెలియదు కదా, అలవాటు ప్రకారం తొందరపడి మూసేస్తాయి, ఆ బరువు లాగలేక ఇంజను చతికిలబడుతుంది. అంచేత ముక్కల బరువు తగ్గించాలి. తేలికవి ఆర్డరిచ్చాం, రాలేదు. ఉన్నవాటినే గ్రైండరు మీద అరగదీయాలి, మూడింటినీ సమానంగా, ఏ ఒక్కటి తేడా వచ్చినా క్లచ్ వణుకుతుంది. కఫేలో కాఫీపొడి తూచే చిన్న త్రాసు అడిగి తెచ్చాను. కౌంటర్లో పిల్ల ఎందుకని అడగలేదు, నా మొహం చూసి ఇచ్చేసింది, కొండ మీద అందరికీ తెలిసిపోయింది.

మొదటి ముక్క గ్రైండరుకి ఆనించాను. నిప్పురవ్వలు. కళ్ళద్దాల మీద పడి ఆరిపోతున్నాయి. మెల్బోర్న్ శివారు టార్నీట్‌లో ఎబెన్ వాళ్ళక్క ప్రిస్సిల్లా ఇంట్లో మొదటిసారి కూర్చున్న రోజు వంటింట్లో ఆవిడ పోపు వేస్తుంటే ఆవాలు చిటపటలాడి ఎబెన్ చేతి మీద పడ్డాయి, అమ్మో అని గంతులేశాడు, అంత పిరికివాడు. ఆవాలకి గంతులేసేవాడు మంచుకొండ మీద ఒంటరిగా ఏం చేస్తాడు? వాళ్ళది రేపల్లె, మాది తెనాలి, రైలెక్కితే గంట దూరం లేదు, అక్కడ ఇరవయ్యేళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు ఎరగం, ఇక్కడ స్టేషన్లో బస్సు తప్పిపోతే పరిచయం. యూనివర్సిటీకి ఒకే బస్సు. వాడు చదివేది అకౌంట్స్, పట్టుమని పది అంకెలు తప్పు లేకుండా కూడలేడు, పైగా నా ప్రాజెక్టు లెక్కలు చూస్తానంటూ పక్కన చేరేవాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. అక్కే పెంచింది, పెళ్ళి చేసుకుని ఇక్కడికొచ్చాక వాణ్ణి తెప్పించుకుంది, వృద్ధాశ్రమంలో నైట్ షిఫ్టులు చేస్తూ చదివిస్తోంది. నేను హిందువుల పిల్లనని ఆవిడకి మొదట కొంచెం ఇదిగానే ఉండేది. ఒకరోజు నేను వాళ్ళ శుక్రవారం ప్రార్థన కూడికలో చివరి వరసలో కూర్చుని పాట అందుకున్నాను, గొంతు బాగుందమ్మా అంది, అంతే, ఆ తరవాత ఆ ఊసే లేదు. నేను మంచుకొండ ఉద్యోగానికి వెళ్తున్నానంటే ఎబెన్ కూడా అప్లై చేశాడు. లిఫ్టు దగ్గర నిలబడి జనాన్ని కుర్చీల్లో ఎక్కించే పని. ఒక్కరోజు స్కీయింగ్ చేయలేదు. చలికి ముక్కు ఎర్రగా చేసుకుని, ప్రతి ఒక్కళ్ళకీ గుడ్ డే మేట్ అని తెలుగు యాసలో చెప్పి, సాయంత్రం నా వర్క్‌షాపుకొచ్చి హీటరు ముందు కూర్చునేవాడు. అదిగో ఆ స్టూలు మీదే.

తూకం చూశాను. ఇంకా ఎక్కువే ఉంది, ఇంకొంచెం అరగాలి. రెండు వారాల కిందట తల దువ్వుకుంటుంటే మెడ పక్కన తగిలింది, ఉసిరికాయంత గడ్డ. నొప్పి లేదు. నొప్పి లేకపోతేనే భయమట, ఇంటర్నెట్‌లో అందరూ డాక్టర్లే. కింద ఊళ్ళో క్లినిక్‌కి వెళ్తే సూది గుచ్చి శాంపిలు తీశారు, శుక్రవారం చెప్తామన్నారు. మా అమ్మకి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు, ఎబెన్‌కి ఒక్కడికే చెప్పాను. వాడు చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుని, నేనొకసారి కొండెక్కొస్తాను అన్నాడు. వాళ్ళ సంఘంలో ఉందట ఆ అలవాటు. గట్టి కష్టం వస్తే, మనిషికి మనిషి చేయగలిగింది అయిపోయాక, ఎవరో ఒకరు కొండెక్కుతారు. చిలకలూరిపేట దారిలో వాళ్ళు వెళ్ళే కొండ ఒకటి ఉంది, ముప్పావుగంట ఎక్కుడు, పిల్లలూ ముసలాళ్ళూ కూడా ఎక్కేస్తారు. తెల్లవారకముందే బయల్దేరాలి, ఏమీ తినకూడదు, తిండి వెంట తీసుకెళ్ళకూడదు, ఫోను తీసుకెళ్ళకూడదు, మధ్యలో మోగితే ప్రార్థన తెగుతుందని. వాడి పదో తరగతి పరీక్షలకి అక్క ఎక్కింది. అక్క వీసాకి వాడు ఎక్కాడు. ఇక్కడ కొండకీ అక్కడ కొండకీ తేడా లేదా రా, అది గుట్ట, ఇది కొండ అన్నాను. దేవుడికి రెండూ ఒకటేగా అన్నాడు నవ్వుతూ. గురువారం వాడికి సెలవు. చీకటితోనే వెళ్ళాడు. ఫోను వాడి మంచం మీద, చార్జింగులో పెట్టి. వాడి గదిలోకెళ్ళి చూస్తే పచ్చగా వంద శాతం అని చూపిస్తోంది.

ఆ క్లినిక్ వాళ్ళు ఇవాళ పొద్దున ఫోన్ చేశారు, నేను ఈ బండి బెల్టు తీస్తున్నాను అప్పుడు. భయపడాల్సిందేం లేదమ్మా, మామూలు గడ్డే, ఆరు నెలలకోసారి చూపించుకుంటే చాలు అంది ఆవిడ, చాలా తియ్యటి గొంతు. థాంక్యూ అన్నాను. హావ్ ఎ లవ్లీ డే అంది. సరే అన్నాను. ఫోను జేబులో పెట్టుకుని బెల్టు తీయడం పూర్తి చేశాను. సంతోషం రాలేదు. ఏడుపూ రాలేదు. ఆ మాట చెప్పడానికి నాకున్న మనిషి ఒక్కడే, వాడు కొండ మీదున్నాడు. ఒకవేళ నీ ప్రార్థన అందిందనుకుందాం రా, అందినవాడు దిగిపో అని కూడా చెప్పాలి కదా నీకు, అదెందుకు చెప్పలేదు? నిజంగా ఎవరైనా ఉంటే వాళ్ళని నిలబెట్టి అడుగుతాను. నీకేం పోయేకాలం వచ్చింది రా అని నోటి దాకా వచ్చింది, ఠక్కున నాలిక కరుచుకున్నాను. ఇంతకుముందు రోజుకి పదిసార్లు అనేదాన్ని ఆ మాట. సాక్సులు మర్చిపోతే పోయేకాలం, బస్సు తప్పిపోతే పోయేకాలం. మన తిట్లన్నిట్లో ఎక్కడ చూసినా చావే, ఇవాళ నోరు తెరవాలంటే భయం. వాడు దిగలేదని అక్కకి కూడా చెప్పలేదు. ఉద్యోగం కాగితాల్లో ఎమర్జెన్సీ నంబరు కింద వాడు నాదే రాశాడు, రాత్రి పోలీసు నన్నే అడిగాడు, వాళ్ళ వాళ్ళకి మీరు చెప్తారా మేం చెప్పాలా అని. నేను చెప్తానన్నాను. ఆవిడ డ్యూటీలో ఉంటుంది, రాత్రంతా హడలిపోతుంది, తెల్లారేసరికి దొరుకుతాడుగా, దొరికాక ఇద్దరం కలిసి ఫోన్ చేసి నవ్వుకుంటూ చెప్పొచ్చనుకున్నాను. పొద్దున ఇప్పుడే నిద్రపోయి ఉంటుంది అనుకున్నాను. ఇప్పుడు కూడా అదే అనుకుంటున్నాను. మొదటి ముక్క అయిపోయింది. రెండోది.

రెండోది సగంలో ఉండగా రేడియో గరగరలాడింది, గ్లెన్ చెయ్యెత్తాడు, గ్రైండరు ఆపాను. చక్రం దానంతటది ఆగడానికి చాలాసేపు పట్టింది. బూట్లు దొరికాయట. పైన శిఖరం రాయికి దిగువ, దారి గుర్తుకి పాతిన ఆఖరి కర్ర పక్కన, ఒక బండచాటున, గాలి తగలని వైపు. మనిషి లేడు. గ్లెన్ నా దగ్గరికొచ్చి నెమ్మదిగా చెప్పాడు, చలి బాగా ఎక్కినవాళ్ళకి చివర్లో ఒళ్ళు మండిపోతున్నట్టు అనిపిస్తుందట, మతి తప్పి బట్టలు, బూట్లు విప్పి పారేస్తారట, ఆ తరవాత కాళ్ళు ఎటు తీసుకెళ్తే అటు, అంటే పల్లానికి. అందుకని అందరినీ వాగు వైపు దించుతున్నారు, ఈ బండి కూడా అటే వెళ్ళాలి. ఆయన చెప్తున్నంతసేపూ నాకు ఇంకేదో కనపడుతోంది. ఎబెన్ ఫోనులో ఒక ఫోటో, ఆ చిలకలూరిపేట కొండది. పైకెళ్ళే దారిలో ఆఖరి మలుపు, అక్కడ బారుగా చెప్పులు, హవాయి చెప్పులు, పిల్లల చెప్పులు, ఒక ముసలాయన తోలుచెప్పులు. మనుషులెవరూ లేరు, చెప్పులే. ఇదేం ఫోటో రా అంటే, అక్కడి నుంచి పైకి ఒట్టి కాళ్ళతో వెళ్ళాలి, అది పరిశుద్ధ స్థలం అన్నాడు. మా కోటప్పకొండ మీదా అంతేగా అన్నాను నేను, గుడి ముందు విప్పమూ? ఆ ఒక్క విషయంలో వాళ్ళకీ మాకూ ఏ పేచీ లేదు.

బూట్లు ఎలా ఉన్నాయో అడగమన్నాను. ఎలా ఉండటమేంటన్నాడు గ్లెన్. చెల్లాచెదరుగా ఉన్నాయా, పక్కపక్కన ఉన్నాయా అడగండి అన్నాను. అడిగాడు. కాసేపటికి జవాబొచ్చింది. పక్కపక్కన, సమానంగా. సాక్సులు మడిచి లోపల పెట్టి.

"గ్లెన్, అతనికి మతి తప్పలేదు. గుడిలోకి వెళ్ళేవాడిలా విడిచాడు. అతను పైనున్నాడు, ఆ రాయి దగ్గర."

గ్లెన్ నా మొహంలోకి చూశాడు. అరవయ్యేళ్ళవాడు, ఈ కొండ మీద ముప్పై చలికాలాలు చూసినవాడు, నాలాంటి పిల్ల చెప్తే వినాల్సిన అవసరం లేదు. ఇంత మంచులో ఒట్టి కాళ్ళతోనా అన్నాడు. పది నిమిషాలే అనుకుని ఉంటాడు, ఇంటి దగ్గర అలాగే చేస్తారు, చిన్నప్పటి నుంచీ అదే అలవాటు అన్నాను. ఇంగ్లీషులో ఈ సంగతి చెప్తుంటే పిచ్చిమాటలా ఉంది, తెలుగులో ఎవరికీ చెప్పనే అక్కర్లేదు. ఆయన రేడియో తీసుకుని బయటికెళ్ళి మాట్లాడాడు. అవతలి గొంతు ఒప్పుకోవడం లేదని దూరం నుంచే తెలుస్తోంది. తిరిగొచ్చి చెప్పాడు, మిగతా అందరూ వాగుకే వెళ్తారు, ఈ ఒక్క బండీ తను పైకి తీసుకెళ్తాడు, ఎక్కితే. ఎక్కకపోతే ఇది కూడా వాగుకే. నీ మాట మీద వెళ్తున్నాను కుసుమా అన్నాడు. బెదిరించడానికి కాదు, నిజం చెప్పాడు.

గ్రైండరు మళ్ళీ వేశాను. రవ్వలు. అప్పుడు తెలిసింది నేనేం అన్నానో. ఈ రవ్వలు చూస్తూ నిలబడ్డాక, అప్పుడు. వాళ్ళన్నదే నిజమైతే, మతి తప్పి కిందికి దిగాడంటే, కింద చెట్లున్నాయి, చెట్ల కింద గాలి తగలదు, పాడుబడ్డ గొడ్లకాపరి గుడిసెలున్నాయి, ఏదో ఒక మూల ముడుచుకుని ఉండొచ్చు, వేళ్ళు పోతే పోతాయి, మనిషి ఉండొచ్చు. నేనన్నది నిజమైతే వాడు ఆ రాయి మీద, నిన్నటి నుంచి, ఒట్టి కాళ్ళతో. నా మాట నెగ్గితే వాడు లేడు. నా మాట ఓడితేనే వాడికి ఆశ. అయినా సరే నేను నా మాటే పట్టుకున్నాను, ఎందుకంటే నాకు తెలుసు, ఆ సాక్సులు మడిచింది తెలివి ఉన్న చెయ్యి, నా ఎబెన్ చెయ్యి, ఇంట్లో ఒక్కనాడు సాక్సులు మడవని సన్నాసి దేవుడి ముందు మాత్రం మడుస్తాడు. తెలిసీ కాదనలేను. కాదంటే వాడు పైనే ఉండిపోతాడు, ఎవరూ అటు రారు, మంచు కరిగే దాకా. అది నేను పడలేను. ఓడిపోవాలి దేవుడా, నా మాట ఓడిపోవాలి, నేను ఒట్టి మూర్ఖురాలినని తేలిపోవాలి, గ్లెన్ వచ్చి అక్కడెవరూ లేరు నీ వల్ల టైము దండగ అని నన్ను తిట్టాలి, ఉద్యోగంలోంచి తీసేయాలి. ఏ దేవుడికి చెప్తున్నానో కూడా తెలియదు. ఎవరి దేవుడైతేనేం, వినేవాడు వింటే చాలు. మూడో ముక్క త్రాసు మీద పెట్టాను. అంకెలు ఊగి ఊగి ఆగాయి. కాస్త ఎక్కువ. మళ్ళీ గ్రైండరు.

వద్దనుకున్నా కళ్ళ ముందు కడుతోంది. చీకట్లో ఎక్కాడు, టార్చి లైటుతో, వాళ్ళక్క పంపిన ఉన్నిటోపీ చెవుల మీదికి లాక్కుని. లిఫ్టు తీగల కిందుగా వెళ్ళుంటాడు, రోజూ చూసే దారి. తెల్లవారేసరికి ఆఖరి కర్ర దగ్గరున్నాడు, నిన్న తెల్లవారడం నాకు గుర్తుంది, ఎంత శుభ్రంగా ఉందో ఆకాశం, గులాబీ రంగు, ఒక్క మబ్బు లేదు, ఆ అందం చూసే మోసపోయాడు. బూట్లు విప్పాడు, సాక్సులు మడిచాడు. చల్లగా ఉందని తెలియకనా, తెలిసే, ఆ మాత్రం ఓర్చుకోకపోతే అడిగేదానికి విలువేముంది అనుకునే రకం. పైకి ఎంత దూరమని, వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి. రాయి పక్కన మోకాళ్ళూని కళ్ళు మూసుకున్నాడు. వాడు ప్రార్థన మొదలుపెడితే ఎంతసేపో నాకు తెలుసు, అన్నం చల్లారిపోయేది, అక్క దగ్గి గుర్తుచేసేది. పేరుపేరునా చెప్తాడు, అక్క, బావ, అక్క కొడుకు మార్క్, లిఫ్టు దగ్గర పనిచేసే వాళ్ళు, ఆఖర్న నేను. నా దగ్గరికి వచ్చేసరికి ఆలస్యం చేసుంటాడు. కళ్ళు తెరిచేసరికి తెలుపు. కింద తెలుపు, పైన తెలుపు. లేచి బూట్ల కోసం దిగుంటాడు, పది అడుగులు ఇటు, పది అడుగులు అటు, కాళ్ళకి స్పర్శ పోయుంటుంది, ఆ కర్ర పక్కనే తిరుగుతూ కర్ర కనపడక, మళ్ళీ రాయి దగ్గరికే పాక్కుంటూ వచ్చుంటాడు. నన్ను పిలిచుంటాడా? ఇక్కడ హీటరు ముందు కూర్చుని నేను అప్పుడు టీ తాగుతున్నాను.

మూడూ సమానం. ఒకటికి రెండుసార్లు తూచాను. పిన్నులు ఎక్కించాను, నట్లు బిగించాను, స్ప్రింగు, మూత, బోల్టులు ఎదురెదురుగా, బిగువు కొలిచే టార్క్ రెంచి టక్కుమనే దాకా. బెల్టు వేశాను. ఈసారి రెంచి ఒక్కసారీ జారలేదు. గ్లెన్ ఎక్కి తాడు లాగాడు, ఇంజను అందుకుంది. షట్టరు మొత్తం పైకెత్తాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, కళ్ళద్దాలు దించుకుని వెళ్ళిపోయాడు, వెనక ఖాళీ స్ట్రెచరు ఎగిరెగిరి పడుతూ. మబ్బులోకి వెళ్ళాక బండి కనపడలేదు, చప్పుడే. నేను మంచులోకొచ్చి నిలబడి విన్నాను. చదును మీద హాయిగా పోతోంది. మొదటి మలుపు. లిఫ్టు స్తంభాల దగ్గర. ఇప్పుడు పై వాలు, పొద్దున గొంతు పడిపోయింది ఇక్కడే, ఇప్పుడు పడిపోవాలి, పడిపోతే బాగుండును. పడిపోలేదు. ఒకే శ్రుతిలో, ఎక్కడా తగ్గకుండా ఎక్కుతోంది. నా ప్రాజెక్టు గైడు వింటే మెచ్చుకునేవాడు. నేను చేసిన పని ఇంత బాగా కుదరడం నా జీవితంలో అదే మొదలు. చప్పుడు సన్నబడి సన్నబడి శిఖరం అవతలికి పోయి ఆగిపోయింది.

వర్క్‌షాపులో బల్ల మీద ఇంకో రేడియో ఉంది, దాని పక్కన కూర్చున్నాను. ఇనపరజను ఊడ్చాను. త్రాసు తుడిచాను. రజను కొంచెం చేతికంటుకుంది, నలుపు, తుడుచుకుంటే పోలేదు. చాలాసేపటి తరవాత గ్లెన్ గొంతు వచ్చింది. దొరికాడు, రాయి దగ్గరే. ఇంకెవరో అడిగారు, డాక్టర్ని పైకి పంపమంటారా అని. కాసేపు గరగర. అక్కర్లేదు అన్నాడు గ్లెన్. తొందరేం లేదు. వాగు దగ్గర వాళ్ళని వెనక్కి రమ్మనండి. తరవాత మళ్ళీ, కొంచెం తగ్గించి, కుసుమకి ఎవరూ రేడియోలో చెప్పొద్దు, నేనొచ్చి చెప్తాను అన్నాడు. పాపం ఆయనకి బల్ల మీద రేడియో సంగతి గుర్తులేదు. నేను ఏడవలేదని చెప్పను. గోడకి చేరబడి, నోట్లో గ్లౌజు కుక్కుకుని, ఎవరైనా వస్తారేమోనని భయపడుతూ ఏడ్చాను. నా మాట నెగ్గింది. నాకోసం వెళ్ళాడు, నాకేం కాలేదు, వాడు లేడు. ఇది ఎవరికి ఎలా చెప్పాలో, ఏ వాక్యంతో మొదలుపెట్టాలో తెలియలేదు.

అప్పుడు ఫోను మోగింది. ప్రిస్సిల్లా అక్క. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఎత్తాను.

"ఏంటి కుసుమా, మీ ఇద్దరికీ ఏమైంది? వాడు ఎత్తడు, నువ్వు ఎత్తవు. కొండ దిగాడా లేదా?"

అక్క జవాబు కోసం ఆగలేదు, నిద్ర లేచిన గొంతుతో చెప్పుకుపోతోంది. వాడు ఎవరికోసం ఎక్కుతున్నాడో చెప్పలేదట, ఫ్రెండ్ కోసం అన్నాడట. సరే వాడితో పాటు నేనూ పడతానని ఉపవాసం పట్టిందట, వాళ్ళమ్మ అలాగే చేసేదట, ఒకళ్ళు కొండెక్కితే ఇంట్లో ఒకళ్ళు పస్తు.

"నిన్న మార్నింగ్ నుంచి మంచినీళ్ళు తప్ప ఏం ముట్టలేదమ్మా. నైట్ షిఫ్ట్ కూడా అట్టాగే చేశా, కళ్ళు తిరగతన్నయ్యి. వాడు దిగానని చెప్పందే నేను తినకూడదు గదా. దిగాడంటే కాస్త ఎంగిలిపడతా."

మంచులో బండి చప్పుడు మళ్ళీ మొదలైంది, దూరంగా, చాలా నెమ్మదిగా.

"తీసుకొస్తున్నారు అక్కా," అన్నాను. "మీరు ముందు తినండి."

"హమ్మయ్య. స్తోత్రం తండ్రీ. సరే పెట్టేయ్, తినేసి చేస్తా."

పెట్టొద్దు, లైన్లో ఉంటానన్నాను. అసలు మాట చెప్పాక ఆవిడ ఎన్నాళ్ళు అన్నం ముట్టదో నాకు తెలుసు. మా ఇళ్ళల్లో కూడా అంతే చేస్తారు, కబురు వచ్చినా తింటున్నవాళ్ళకి వెంటనే చెప్పరు, చెయ్యి కడిగే దాకా ఆగుతారు. ఏంటే కొత్తగా అని నవ్వింది అక్క, ఫోను స్పీకర్లో పెట్టి గట్టు మీద పెట్టినట్టుంది. మైక్రోవేవ్ తలుపు, గిన్నె మూత, పళ్ళెం. మంచం మీంచి మార్క్ మమ్, ఈజ్ మామా బ్యాక్ అని అడిగాడు, వస్తన్నాడు నాన్నా అంది. తరవాత సన్నగా ప్రార్థన. నా తమ్ముణ్ణి క్షేమంగా కొండ దించావు ప్రభువా, వాడు ఎవరికోసం మోకాళ్ళూనాడో ఆ బిడ్డని కూడా కాపాడు తండ్రీ. ఆమెన్ అన్నాను నేను కూడా, పైకే. అక్క తినడం మొదలుపెట్టింది. నిన్నటి పప్పులో ఉప్పు తక్కువైందంది. ఆవకాయ తెచ్చుకోమన్నాను. తెచ్చుకుంది. ఆకలి మీద గబగబా తింటోంది, మధ్యలో పొలమారితే మంచినీళ్ళు తాగమన్నాను. బండి చప్పుడు దగ్గర పడుతోంది. షట్టరు బయటికొచ్చి నిలబడ్డాను, ఫోను చెవికి నొక్కి పట్టుకుని, రెండో చెవి మూసుకుని.

"ఇంక చాల్లే, చెయ్యి కడుక్కుంటా," అంది అక్క.

"పెరుగు వేసుకుని ఇంకో రెండు ముద్దలు తినండి అక్కా," అన్నాను.